నైట్ షిఫ్టు గొంతు

మొన్న మంగళవారం కాలేజీలో నా బల్ల మీద బీఈడీ పిల్లల కేస్ స్టడీ రికార్డులు ఒక గుట్టగా పేర్చి ఉన్నాయి. పిల్లలంటున్నాను గానీ వాళ్లలో సగంమందికి పెళ్లిళ్లయ్యాయి, ఒకామెకు బడికి పోయే కొడుకున్నాడు. రేపు టీచర్లయ్యేవాళ్లు కాబట్టి తలా ఒక విద్యార్థిని ఎంచుకొని, కొన్ని వారాలు గమనించి, ఆ పిల్లల మనసు ఎలా నడుస్తోందో రాయాలి. అది సైకాలజీ పేపర్‌లో భాగం, ఆ పేపర్ చెప్పేది నేనే. రెండుసార్లు టీ తాగి, పదకొండో రికార్డు దగ్గర ఆగిపోయాను. అది రాసిన అమ్మాయిది హైదరాబాద్ అవతల ఎక్కడో ఊరు, ఇక్కడ హాస్టల్‌లో ఉంటోంది. ఆమె గమనించిన ఏడో తరగతి పిల్లవాడు రామగిరి దగ్గరి సెంటినరీ కాలనీ వైపు నుంచి బడికి వస్తాడు. మధ్యాహ్నం అన్నాల తర్వాత రోజూ ఒకే వేళకు వాడు పాఠం వినడట. పెన్ను మూత బిగించి, బల్లను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని కూర్చుంటాడట. కాసేపటికి తనంతట తానే మామూలైపోతాడట. దీనికి ఆమె 'అకారణ ఆందోళన' అని పేరు పెట్టి, చిన్నప్పుడు మనసుకు తగిలిన గాయమేదో ఉండి ఉంటుందని రాసి, 'గృహ వాతావరణం' అన్న గడిలో 'సాధారణం' అని ముగించింది.

నాకు నవ్వాగలేదు. పక్కన కూర్చున్న గణితం మేడం కళ్లద్దాల మీంచి చూసింది. ఆ వేళకు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మందు పెట్టి బ్లాస్టింగ్ చేస్తారని రామగిరి దిక్కున పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. బడి దూరం కాబట్టి అక్కడికి అది ఎవరో దుప్పటి దులిపినట్టు వినపడుతుంది, అంతే. మా హైదరాబాద్ అమ్మాయి దాన్ని పట్టించుకొని ఉండదు. కానీ నేను నవ్వింది ఆమెను చూసి కాదు. 'సాధారణం' అన్న ఆ ఒక్క మాట అదే గడిలో నేనూ రాశాను, ఇరవై ఏడేళ్ల కింద, ఇంతకంటే గుండ్రటి చేతిరాతతో.

అప్పుడు నేను గోదావరిఖనిలో బీఈడీ చదువుతున్నాను. మా బాపు భూగర్భ గనిలో కార్మికుడు. మా వైపు గనిని బాయి అంటారు, నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. కంపెనీ క్వార్టర్‌లో రెండు గదులు, ఒక వంటిల్లు, బాపు, అవ్వ, నేను, తమ్ముడు. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఆ ఏడాది నా కాళ్లు నేల మీద ఉండేవి కావు. అందులోనూ సైకాలజీ అంటే నాకు మహా మోజు. ఆ పాఠం చెప్పే సార్ కరీంనగర్ నుంచి బస్సులో వచ్చేవాడు. ఎండాకాలమైనా వానాకాలమైనా చేతిలో గొడుగు, చొక్కా జేబులో మూడు రంగుల సుద్దముక్కలు. గంట మోగితే కుక్కకు నోరూరడం గురించి ఆయన చెబుతున్న రోజు నాకింకా గుర్తుంది. సార్ 'గంట' అనడం, బయట మూడు గంటల షిఫ్టు సైరన్ మోగడం ఒక్కసారే జరిగాయి. బాయి నుంచి తండ్రులు ఇంటికొచ్చే వేళ అది. క్లాసులో సగంమంది ఆడపిల్లలం మాకు తెలియకుండానే పుస్తకాలు మూసి సంచుల్లో పెట్టేసుకున్నాం. సార్ మమ్మల్ని ఒక నిమిషం చూసి, "ఇగ నేను చెప్పేదేమున్నది," అని సుద్దముక్క జేబులో వేసుకొని కూర్చున్నాడు.

కొత్తగా నేర్చిన మాటల్ని జేబులో దాచుకొనే రకం కాదు నేను. పరీక్ష పోయిందని తమ్ముడు పెన్ను మీద నెపం పెడితే దాన్ని 'హేతుకీకరణం' అన్నాను. కోపం వచ్చి ఆ పూట వాడు నాతో మాట్లాడకపోతే 'తిరోగమనం' అన్నాను. ఊరి నుంచి వచ్చిన మా మేనత్త వాడకట్టు ఆడవాళ్లందరూ తగువులమారులని గంటసేపు చెబితే, "అత్తా, దీన్ని ప్రక్షేపణం అంటరు," అన్నాను. ఆమె అన్నం కలపడం ఆపి, "గదేం బీమారే, దవాఖానకు పోవాల్నా?" అని నిజంగానే భయపడింది. మా అవ్వ మాత్రం నా శాస్త్రానికి లొంగేది కాదు. ఏ పేరు పెట్టినా, "ఊఁ, అట్లనా," అని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఉండేది. ఆమెకు చదవడం రాయడం రాదు. వంటింటి గోడకు ఉన్న క్యాలెండర్ మీద మాత్రం పెన్సిల్‌తో గీతలు గీసేది. బాపుకు ఫస్ట్ షిఫ్టు ఉన్న వారం ఒక గీత, సెకండ్ షిఫ్టు వారం రెండు, నైట్ షిఫ్టు వారం మూడు. కలిసి ఇలా వారం వారం షిఫ్టు మారే కార్మికుల గుంపును రిలే అంటారు. ఆ గీతల్ని బట్టే మా ఇంట్లో పొయ్యి వెలిగేది, ఆరేది.

టీచింగ్ ప్రాక్టీస్ కోసం నన్ను మా కాలనీకి ఆనుకొని ఉన్న ఒక ప్రైవేటు హైస్కూలుకు పంపారు. దాని పేరు ఇప్పుడు ఎందుకులెండి. నేను సోషల్ చెప్పేదాన్ని. చార్టులు, మ్యాపులు, ప్రశ్నలు అన్నీ చక్కగా తయారుచేసుకొని పోయేదాన్ని. గమనించడానికి వచ్చే సూపర్‌వైజర్ మేడం వెనక బెంచీలో కూర్చొని అంతా విని, చివర తరచూ ఒకే ముక్క రాసేది: 'స్వరం చివరి బెంచీకి వినిపించుట లేదు.' నాకు మండిపోయేది. ఇంట్లో అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేసేదాన్ని. నాకైతే బాగానే వినపడేది. చివరి బెంచీ వాళ్లకు చెవుల్లో లోపం ఉండి ఉంటుందని కూడా అనుకున్నాను. మన లోపాన్ని ఇలా ఎదుటివాళ్ల మీద మోపడాన్ని ఏమంటారో అప్పుడే చదివాను, నాకు మాత్రం వర్తించదనుకున్నాను.

ఇక కేస్ స్టడీ. మామూలు పిల్లల్ని ఎంచుకోవడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. వింత పిల్లలు దొరికినవాళ్లు అదృష్టవంతులు. ఒకతనికి గోళ్లు కొరికే పిల్లవాడు దొరికాడు, ఇంకొకామెకు అబద్ధాలు చెప్పేవాడు దొరికాడు. నాకు ఆరో తరగతిలో ఒక పిల్ల దొరికింది. రెండు జడలు పైకి మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకునేది, నోట్‌బుక్కులకు అట్టలు నీటుగా వేసుకునేది, రాతపరీక్షల్లో ఎప్పుడూ ముందే. కానీ నోరు విప్పేది కాదు. పాఠం చదవమని నిలబెడితే పెదాలు కదిలేవి, మాట మాత్రం పక్కపిల్లకు కూడా చేరేది కాదు. బెంచీ జరిపినా చప్పుడు రాకుండా ఎత్తి జరిపేది. తోటి పిల్లలు ఆమెను 'మూగబొమ్మ' అనేవాళ్లు. విచిత్రం ఏమిటంటే కొన్ని రోజులు అదే పిల్ల ఖో-ఖో ఆటలో మైదానం అదిరేలా అరిచేది. నేను పొంగిపోయాను. ఇంత మంచి వింత కాలేజీలో ఇంకెవరికీ దొరకలేదు.

ఆరు వారాలు గమనించాను. లెసన్ ప్లాన్ వెనకవైపు, ఆ పిల్ల రోజుకు ఎన్నిసార్లు వినపడేలా మాట్లాడిందో పెన్సిల్‌తో లెక్క పెట్టాను. ఒక రోజు ఇరవై, ఒక రోజు పది, ఒక రోజు సున్నా. చదివిన మాటలన్నీ దింపేశాను. అంతర్ముఖత్వం, ఆత్మన్యూనతా భావం, అన్నిటికీ మించి 'భావోద్వేగ అస్థిరత'. ఆ మాట రాసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. 'గృహ వాతావరణం' గడి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ఇంటికి పోయి రావాలి. వాళ్ల క్వార్టర్ మా క్వార్టర్‌కు నాలుగు వరుసల అవతలే. ఆ పూట ఎండ ఎక్కువగా ఉంది. తండ్రి బాయి కార్మికుడు, తల్లి గృహిణి, క్వార్టర్ రెండు గదులు, అంటే మా ఇల్లు లాంటి ఇల్లే కదా అనుకొని, స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాన్ కింద కూర్చొని 'సాధారణం' అని రాసేశాను. సార్ రికార్డు చూసి 'చాలా బాగుంది' అని పచ్చ ఇంకుతో రాశాడు. బయటి నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చినప్పుడు నా రికార్డే ముందు పెడతామన్నాడు.

రికార్డు మీద బడి పెద్దమేడం సంతకం కావాలి. ఆమెది గుంటూరు దిక్కు. భర్త కంపెనీలో ఇంజినీరు, పొద్దున పోయి సాయంత్రం వచ్చే జనరల్ షిఫ్టు. మంచి మనిషే, కాకపోతే అచ్చులో గానీ చేతిరాతలో గానీ పెద్ద మాట కనిపిస్తే నమ్మేసేది. శుక్రవారం నాడు సంతకం కోసం ఇచ్చిన రికార్డును ఆమె మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. నేను గర్వంగా నిలబడ్డాను. చదవడం అయ్యాక అటెండర్‌ను పిలిచి ఆ పిల్ల తల్లిని పిలుచుకు రమ్మంది. తల్లి కొంగు నిండుగా కప్పుకొని వచ్చింది. "మీ అమ్మాయి మనసులో ఏదో ఇబ్బంది ఉందమ్మా. ఈ మేడం ఆరు వారాలు చూసి రాసింది. మా బడిలో ఇలాంటి పిల్లల్ని చూసుకునే వీలు లేదు. పెద్ద డాక్టరుకు చూపించుకోండి. సోమవారం టీసీ రాసిస్తాం," అంది పెద్దమేడం.

ఆ తల్లి పెద్దమేడంను ఏమీ అడగలేదు. నా వైపు తిరిగింది. "మా పిల్లకు ఏమైంది మేడం? ఇంటికాడ మంచిగనే ఉంటది గద. పని చేస్తది, నవ్వుతది," అంది. ఆమె మాట కూడా ఎంత మెల్లగా ఉందంటే నేను ముందుకు వంగి వినాల్సి వచ్చింది. అంత కష్టంలో ఉన్న మనిషి ముందు నిలబడి కూడా నా బుర్రలో ఏం మెదిలిందో తెలుసా? 'వంశపారంపర్య లక్షణం, దీన్ని కూడా చేర్చాలి' అని. టీసీ తీసుకొని పిల్లను కమాన్‌పూర్ పక్క పల్లెలో ఉన్న తల్లిగారింట్లో దింపి, అక్కడి బడిలో వేస్తానని చెప్పి ఆమె వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే పిల్ల గేటు దగ్గర సంచి పట్టుకొని నిలబడి ఉంది. తల్లి ఏదో చెప్పింది. పిల్ల ఒక్కసారి బడి వైపు తిరిగి చూసి ఆమె వెంట నడిచింది. నేను రాసింది మార్కుల కోసం. దాని వల్ల ఒక పిల్ల ఇల్లు విడిచి, బడి విడిచి పోతుందని నాకు తట్టనే లేదు.

మర్నాడు శనివారం, ఒంటిపూట బడి. ఆ వారం బాపుకు నైట్ షిఫ్టు. లోపలి గదిలో కిటికీకి తడి తువ్వాల కట్టి పడుకున్నాడు. నేను వంటింట్లో గ్రాఫ్ షీట్ మీద ఆరు వారాల లెక్కల్ని చుక్కలుగా పెట్టి గీతలు కలుపుతున్నాను. మనసు బాగాలేదు. అవ్వకు సంగతి చెప్పాను. "ఏం రాసినవో చదువు," అంది. రికార్డు తెరిచి మొదటి నుంచి చదివి వినిపించాను. అస్థిరత దాకా వచ్చాక అవ్వ చాట పక్కన పెట్టి, గ్రాఫ్ షీట్ చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేందే?"

"ఆ పిల్ల మాటలు అవ్వా. గీత మీదికి పోతే మాట్లాడినట్టు, కిందికొస్తే మాట్లాడనట్టు."

ఒక మెట్టు దిగి, ఇంకో మెట్టు దిగి, నేలకు తగిలి, మళ్లీ ఒక్కసారి పైకి లేచి, మళ్లీ మెట్టు మెట్టుగా దిగిన గీత. అవ్వ వేలితో దాని వెంట నడిచింది. లేచి గోడ మీది క్యాలెండర్ తీసుకొచ్చి గ్రాఫ్ పక్కన పరిచింది. ఒక గీత ఉన్న వారం పై మెట్టు. రెండు గీతల వారం నడిమి మెట్టు. మూడు గీతల వారం నేల. రెండో విడత కూడా అచ్చం అంతే.

"మీ బాపు షిఫ్టుల లెక్కనే ఉన్నది గద," అంది అవ్వ. "ఆ పిల్ల తండ్రి గూడ గీ రిలేల్నే ఉండి ఉంటడు. నైట్ షిఫ్టుకు పోయొచ్చి పగటీలి పండుకుంటడు. పిల్లలు నోరెత్తితే నిద్ర పాడయితది. నిద్ర లేకుంట బాయి దిగితే ఎట్లుంటదో నీకెరుక లేదా?"

నాకు తెలియకపోవడం ఏమిటి? తెలిసి తెలిసి మర్చిపోయాను. అవ్వ నా ముఖం చూసి నవ్వు ఆపుకుంటూ అంది: "ఇంతసేపు నువ్వెట్ల చదివినవే? గుసగుసలాడుకుంటనే గద. మరి నీకు గూడ గా బీమారి ఉన్నట్టేనా? పేరేందన్నవ్, అస్థి..."

నిజమే. అన్ని పేజీలూ గుసగుసగానే చదివాను. పుట్టినప్పటి నుంచి మూడు వారాల్లో ఒక వారం అలాగే బతికాను. గిన్నెలు చప్పుడు కాకుండా దించడం, తలుపు గొళ్లెం వేలితో పట్టుకొని వేయడం, తమ్ముడితో తగువు కూడా సైగల్తోనే తీర్చుకోవడం. అది అలవాటని కూడా తెలియనంత అలవాటు. లెసన్ ప్లాన్ల కట్ట లాగి సూపర్‌వైజర్ మేడం మాటలు వెతికాను. నైట్ షిఫ్టు వారాల్లో ప్రతి పాఠం కింద 'స్వరం వినిపించుట లేదు.' ఫస్ట్ షిఫ్టు వారాల్లో ఆ మాట ఒక్కచోట కూడా లేదు! చివరి బెంచీ చెవులకు ఏ లోపమూ లేదన్నమాట. అది చూసేసరికి ఇక ఆగలేక పగలబడి నవ్వాను. అవ్వ నా నోరు మూసేలోపే లోపలి నుంచి, "ఏందే లొల్లి?" అని బాపు గొంతు వినపడింది. నైట్ షిఫ్టు వారం మా ఇంట్లో అంత పెద్ద నేరం అంతకుముందెప్పుడూ జరగలేదు. బాపు కళ్లు నులుముకుంటూ వచ్చి, సంగతి విని, "వాడు మా రిలేనే. జర ముక్కుసూటి మనిషి. పిల్ల అంటే పానం వానికి. జల్ది పోండ్రి," అని చెప్పి మళ్లీ పోయి పడుకున్నాడు.

అవ్వ, నేను ఎండలో నాలుగు వరుసలు దాటి పోయాం. చదువుకున్నదాన్ని, ఎలా మాట్లాడాలో తెలియక అవ్వ వెనక నడిచాను. ఆ ఇంటి ముందర అరుగు మీద పిల్ల అంట్లు తోముతోంది. కింద పాత చీర నాలుగు మడతలు పెట్టి పరిచి, తోమిన స్టీలు పళ్లేలను దాని మీద ఒకదాని పక్కన ఒకటి ఆనిస్తోంది. ఒక్క గలగల లేదు. పక్కన సంచిలో బట్టలు సర్ది ఉన్నాయి, పైన ఎర్ర రిబ్బన్లు. ఆ గడపలో నిలబడి మేం ముగ్గురు ఆడవాళ్లం గుసగుసగానే మాట్లాడుకున్నాం. నేను తప్పు రాశానని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. అది కూడా మెల్లగానే ఏడ్చాను. ఆ తల్లి నా చెయ్యి పట్టుకొని, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. మరి బళ్లె ఉంచుకుంటరా?" అని అడిగింది. సోమవారం పొద్దున్నే పోయి పెద్దమేడంను అడుగుతానన్నాను. పిల్లను పక్కకు పిలిచి అడిగాను: ఇంట్లో సరే, బడిలో ఎందుకు మాట్లాడవు? అక్కడ ఎవరూ పడుకొని ఉండరు కదా?

ఆ పిల్ల చేతి మసి గౌనుకు తుడుచుకుంది. "ఎరుకనే మేడం. గాని గా వారమంత బళ్లె గూడ మా బాపు పండుకున్నట్టే అనిపిస్తది," అంది.

నేను చదివిన లావు పుస్తకంలో ఆ వాక్యం ఎక్కడా లేదు.

సోమవారం పొద్దున్నే గ్రాఫు, క్యాలెండర్, లెసన్ ప్లాన్లు చంకన పెట్టుకొని పెద్దమేడం ముందు నిలబడ్డాను. టీసీ పుస్తకం ఆమె బల్ల మీదే తెరిచి ఉంది. అంతా విని ఆమె నిట్టూర్చింది. "రాసింది నువ్వేగా? రాసినప్పుడు నమ్మాను. ఇప్పుడు కాదంటే అదీ నమ్మాలా? రేపు ఇంకోటి అంటావు."

ఆమె మాటలో న్యాయం ఉంది. అప్పుడు గ్రాఫ్‌లో తర్వాత రాబోయే మెట్టు ఏదో నాకు తట్టింది. "మేడం, ఈ వారం వాళ్ల నాన్నకు ఫస్ట్ షిఫ్టు. రెండు మూడు రోజులు పోనిచ్చి గురువారం నాడు మీరే క్లాసుకు వచ్చి ఆ పిల్లతో పాఠం చదివించండి. వినపడకపోతే టీసీ రాసేయండి," అన్నాను. ఆమె క్యాలెండర్ మీది పెన్సిల్ గీతల్ని కాసేపు చూసి, టీసీ పుస్తకం మూసింది. "గురువారమే," అంది.

ఆ మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. పిల్ల మాత్రం మంగళవారానికి ఖో-ఖో ఆడుతూ అరుస్తోంది. బుధవారం పక్కపిల్లతో పోట్లాడింది. తగువు విని ఇంత సంతోషించిన టీచర్ నేనొక్కదాన్నే అయి ఉంటాను. గురువారం మూడో పీరియడ్‌లో పెద్దమేడం వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను వెనక బెంచీకి పోయి నిలబడ్డాను. నదుల పాఠం. పిల్ల లేచి నిలబడింది. ముందు పెద్దమేడం, ఆమె చేతిలో ఎర్ర పెన్ను. పిల్ల పెదాలు కదిలాయి. ఏమీ వినపడలేదు. మళ్లీ కదిలాయి. 'గోదావరి' అన్నట్టు పెదాలను బట్టి తెలిసింది, అంతే. పెద్దమేడం నా వైపు చూసింది. షిఫ్టు లెక్క తప్పలేదు. పిల్ల భయపడుతోంది, అంతే. కానీ ఆ తేడా ఎవరికి చెప్పేది?

"వినపడ్తలేదు బిడ్డా, జర గట్టిగ," అన్నాను వెనక నుంచి.

పిల్ల పుస్తకం దించి, మెడ సాచి నా వైపు చూసింది. ఆ వారం ఆమెకు ఉన్న అసలు గొంతుతో, గోడలకు తగిలేలా అడిగింది: "మేడం, మీరన్నది వినపడ్తలేదు! జర గట్టిగ చెప్పుండ్రి!"

క్లాసంతా గొల్లుమంది. ఫస్ట్ షిఫ్టు వారంలో కూడా భయానికి నాకు నైట్ షిఫ్టు గొంతే వచ్చిందన్నమాట. పెద్దమేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వుతో గొంతులో ఉన్న అడ్డేదో పోయినట్టుంది, పుస్తకం ఎత్తి గోదావరి పాఠం అందుకుంది. నాసిక్ దగ్గర పుట్టిన నది సముద్రంలో కలిసేదాకా ఆగలేదు. పక్క క్లాసులో లెక్కలు చెబుతున్న సార్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, తన పిల్లలు తన మాట వినడం లేదని. పెద్దమేడం లేచి పిల్ల వీపు తట్టి, పోతూ పోతూ నా దగ్గర ఆగింది. "ఆ అమ్మాయికి ఏమీ లేదు గానీ, నీ గొంతు సంగతి చూసుకోమ్మా," అంది. టీసీ పుస్తకం బీరువాలోకి పోయింది. తర్వాతి నెల నుంచి ఆరో తరగతి హాజరు పట్టీలో పిల్లల పేర్ల పక్కన పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు గీతలు కనిపించేవి. మూడు గీతలున్న పిల్లల్ని ఆ వారం ముందు ఆటలకు వదిలి, తర్వాతే పాఠం చదివించేవాళ్లు.

ఇక రికార్డు మిగిలింది. గుండ్రటి అక్షరాలతో రాసిన పద్దెనిమిది పేజీల మీద అడ్డంగా గీతలు కొట్టి, జరిగింది జరిగినట్టు చివర నాలుగు పేజీలు రాసి, అవ్వనడిగి క్యాలెండర్ కాగితాలు రెండు అంటించాను. సార్ తన పచ్చ ఇంకు మాట మీద కూడా నా గీత ఉండటం చూశాడు. నిలబడే అంతా చదివాడు. గొడుగు చంకలోకి మార్చుకొని, "ఇది ఎవరి కేస్ స్టడీ అమ్మా? ఆ పిల్లదా, నీదా?" అని అడిగాడు. నేను ఏదో అన్నాను. "గట్టిగ చెప్పు," అన్నాడు. ఎక్స్‌టర్నల్ ముందు ఆ కొట్టివేతల రికార్డే పెట్టాడు. మార్కులు ఓ మోస్తరుగానే వచ్చాయి. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ప్రతి ఏడాది కొత్త బ్యాచ్‌కు సైకాలజీ మొదలుపెట్టే ముందు ఒకసారి తీసి చూసుకుంటాను.

మొన్న ఆ హైదరాబాద్ అమ్మాయిని పిలిచి రికార్డు చేతికిచ్చాను. తప్పని చెప్పలేదు. "ఆ పిల్లవాడి ఇంటికి పోయి మధ్యాహ్నం కాసేపు కూర్చొని రా," అన్నాను. నిన్న సాయంత్రం వచ్చింది, ముఖం వెలిగిపోతూ. వాళ్ల ఇల్లు గనికి దగ్గర. ఆ వేళ కాగానే నానమ్మ, "బిడ్డా, ఊకెనే కూసున్నవ్ గద, గా గాజు గ్లాసుల అర జర పట్టుకో," అందట. సెలవు రోజుల్లో ఆ అర పట్టుకోవడం మనవడి డ్యూటీ. ఇంట్లో గాజు సామానంతా కాపాడేది వాడే. బ్లాస్టింగ్ అయ్యేసరికి ఈమె అరను వదిలేసి నానమ్మను పట్టుకుందట. "బడిలో వాడు పట్టుకునేది బల్లను కాదు మేడం, గ్లాసుల్ని," అంది. బ్లాస్టింగ్ దాకా నేను ఊహించాను గానీ గ్లాసుల సంగతి నాకూ తట్టలేదు. చేతిలో ఉన్న రికార్డు తెరిచి తనే 'సాధారణం' మీద గీత కొట్టింది.

ఆ ఎర్ర రిబ్బన్ల పిల్ల పోయిన నెల గోదావరిఖని కూరగాయల మార్కెట్‌లో కనిపించింది. కనిపించడం తర్వాత, ముందు వినపడింది. టమాటలు మెత్తగా ఉన్నాయని బండివాడితో బేరమాడుతోంది. నాలుగు బండ్ల అవతల ఉన్న నేను ఆ గొంతు పోల్చుకొని నిలబడిపోయాను. నన్ను చూసి, "మేడం, ఇప్పుడు వినపడ్తున్ననా?" అని అక్కడి నుంచే అరిచింది. నేనేదో జవాబిచ్చాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నవ్వింది.

బాపు రిటైరై పదిహేనేళ్లు దాటింది. మేమంతా గోదావరిఖనిలోనే ఒకే ఇంట్లో ఉంటాం. ఇప్పుడాయన అందరిలాగే రాత్రి పడుకొని పొద్దున లేస్తాడు, మధ్యాహ్నం వరండాలో పేపర్ చదువుతాడు. అయినా ఆ వేళ ఎవరి చేతిలోంచైనా గిన్నె జారితే అవ్వ వేలు తనకు తెలియకుండానే పెదాల మీదికి పోతుంది. "మెలకతోనే ఉన్ననే," అంటాడు బాపు పేపర్ వెనక నుంచి, ఆ మాట కూడా మెల్లగానే. షిఫ్టులన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఆ కబురు మా గొంతులకు మాత్రం ఇంకా అందలేదు.